ముందు ఊరు, తరవాత పేరు

మా రోజుల్లో ఇంగ్లండులో ఎవరైనా తాతముత్తాతల్ని వెతకాలని బయల్దేరితే మొట్టమొదట అడిగే మాట "ఏ ఊరు?" అని. ఇప్పుడు ఊరి సంగతి ఎవరికీ పట్టదు. పేరు కొట్టు, పుట్టిన ఏడాది కొట్టు, మీట నొక్కు. తెర మీద వరసగా జాన్ స్మిత్‌లు వచ్చి నిలబడతారు. వాళ్ళలో మనసుకి నచ్చినవాణ్ణి ఎంచుకుని "ఈయనే మా ముత్తాత" అని ఖాయం చేసుకుంటారు. పెళ్ళికొడుకుని ఎంచుకోవడానికైనా ఇంతకంటే ఎక్కువ వాకబు చేస్తాం కదా!

నేను తెనాలి దగ్గర పల్లె నుంచి వెళ్ళి, ఇంగ్లండు నడిబొడ్డు జిల్లాల్లో ఒక పట్నం లైబ్రరీలో స్థానిక చరిత్ర గదిని చూసుకుంటూ ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి. "మన తాతల పేర్లే మూడు తరాలు దాటి చెప్పలేవు, తెల్లవాళ్ళ తాతల్ని వెతికిపెడతావేమిటి బావా!" అని మా బావమరిది ఉన్నన్నాళ్ళూ ఎగతాళి చేశాడు. చేయనిచ్చాను. ఇప్పుడా తాతలు తిన్నగా మా ఇంటికే వచ్చి కూర్చున్నారు. మా మనవరాలు లెస్టర్‌షైర్ కుర్రాణ్ణి చేసుకుంది. రేపు పుట్టబోయే పిల్లలకి ఒక వైపు పితృదేవతలు తెనాలి తాలూకా అయితే, రెండో వైపు వాళ్ళు లెస్టర్ పక్క పల్లెల వాళ్ళు. కాబట్టి ఈ సణుగుడు ఇప్పుడు నా సొంత ఇంటి వ్యవహారం కూడా.

కుర్రాడు మంచివాడే. మనవరాల్ని చూసి నేర్చుకుని నన్ను తాతయ్యా అనే పిలుస్తాడు. "చూడండి తాతయ్యా, మా వంశవృక్షం పూర్తయింది" అని ఒకరోజు పలక ఫోను తెచ్చి ఒళ్ళో పెట్టాడు. చూశాను. వేలమంది ఉన్నారు. పైకి పోగాపోగా 1066లో ఇంగ్లండుని గెలిచిన విలియం దాకా వెళ్ళింది. వీళ్ళ వృక్షాలన్నీ చివరికి రాజుగారి గుమ్మంలోనే తేలతాయి, ఒక్కటీ గొడ్లసావిట్లో తేలదు! కొంచెం కిందికి దిగి చూస్తే ఒక ఇల్లాలు ఏడో ఏట కొడుకుని కన్నది. ఇంకొకాయన తన్ను పూడ్చిపెట్టిన నాలుగేళ్ళకి కూతురికి బాప్తిస్మం ఇప్పించాడు. "ఇదెక్కడిది బాబూ?" అంటే, "ఇంకెవరో చేసిపెట్టిన వృక్షంలోంచి తెచ్చి అతికించాను" అన్నాడు. ఆ ఇంకెవరో మరొకరి దగ్గర తెచ్చి ఉంటారు. ఊళ్ళు లేకుండా అన్ని పేర్లు చూస్తుంటే నాకు పెళ్ళి చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. పేరు ఉంటుంది, పద్దు ఉంటుంది, మనిషెవరో ఇంటివాళ్ళకే తెలియదు.

పైగా ఉమ్మి పరీక్ష ఒకటి. సీసాలో ఉమ్మి పంపితే ఇంత శాతం ఇంగ్లీషు, ఇంత శాతం ఐరిష్ అని లెక్క కట్టి పంపుతారు. కొన్నాళ్ళకి ఆ లెక్క మార్చి మళ్ళీ పంపుతారు. ముత్తాత మాత్రం మారడు పాపం, ఆయన ఎప్పుడో పోయాడు.

మా రోజుల్లో ఎంత కష్టపడితే ఒక్క పేరు దొరికేదో చెప్తే ఇప్పటివాళ్ళు నమ్మరు. లండన్లో సెయింట్ కాథరిన్స్ హౌస్ అని ఒక భవనం ఉండేది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1837 జూలై ఒకటి నుంచి సర్కారు నమోదు చేసిన జనన మరణాల సూచికలన్నీ అక్కడే. జననాలకి ఎర్ర అట్టలు, పెళ్ళిళ్ళకి పచ్చ అట్టలు, చావులకి నల్ల అట్టలు. ఏడాదికి నాలుగు భాగాలు. ఒక్కొక్క సంపుటం ఎత్తి ఏటవాలు బల్ల మీద పడేస్తే భుజాలు ఊడొచ్చేవి. పక్కవాడి మోచెయ్యి డొక్కలో తగులుతూ ఉండేది. అంత శ్రమా పడ్డాక దొరికేది ఒక పేరు, ఒక జిల్లా, ఒక పుట సంఖ్య. అందుకే దొరికిన పేరుని మనిషి గౌరవంగా చూసుకునేవాడు. దాన్ని పట్టుకుని తిన్నగా ఊరి పుస్తకం కోసం మా గదికి వచ్చేవాడు.

1837కి ముందు కాలమంతా చర్చి రిజిస్టర్ల మీద ఆధారం. ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లో ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి పెట్టాలని ఉత్తరువు చేశాడు. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి. 1603లో ఆ పుస్తకాలు దాచే పెట్టెకి మూడు తాళాలు ఉండాలన్నారు. పాదిరి దగ్గర ఒక తాళంచెవి, చర్చి పెద్దలిద్దరి దగ్గరా మిగతా రెండు. ముగ్గురూ ఒకచోట చేరితే తప్ప పెట్టె తెరుచుకోదు. ఆ మూడు తాళాల పెట్టెలోంచి వచ్చిన వాటి గురించే డబ్ల్యు.ఇ. టేట్ అనే ఆయన 1946లో 'ది పారిష్ చెస్ట్' అని పుస్తకం రాశాడు. మా గదిలో అట్ట ఊడిపోయేదాకా తిరిగింది అది. పెట్టెలో రిజిస్టర్లతోపాటు ఇంకేమేం కాగితాలు ఉంటాయో, వాటిలో పేదవాడి పేరు ఎక్కడెక్కడ తగులుతుందో విప్పి చెప్తాడు. ఇప్పటి పిల్లలు దాని పేరు కూడా విని ఉండరు.

ఇంకొకటి కూడా వినలేదు వీళ్ళు. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో. రిజిస్టరులో 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కకి అది 1721. ఇది తెలియక, నవంబరులో పెళ్ళయి మరుసటి ఫిబ్రవరిలో బిడ్డ పుట్టిన దంపతులకి పెళ్ళికి తొమ్మిది నెలల ముందే బిడ్డ పుట్టించేస్తారు. చచ్చిపోయినవాళ్ళ మీద లేనిపోని అప్రతిష్ట.

సరే, పుస్తకాల మాటకి వస్తాను. పాత కాలపు జిల్లా చరిత్రలంటే జమీందార్ల కోసం జమీందార్లు రాసుకున్నవి. విలియం డగ్‌డేల్ 1656లో వార్విక్‌షైర్ మీద రాశాడు. ఎడ్వర్డ్ హేస్టెడ్ కెంట్ మీద 1778 నుంచి 1799 దాకా నాలుగు పెద్ద సంపుటాలు వేసి, అప్పుల పాలై జైల్లో కూర్చున్నాడు. ఊరిని ఎవరు ఎవరికి రాసిచ్చారు, చర్చికి పాదిరిని నియమించే హక్కు ఎవరిది, గోడ మీద ఏ కుటుంబం చిహ్నం ఉంది, ఇదే గొడవ. కూలివాడి ఊసుండదు. అయినా వాటిని విసిరికొట్టకూడదని వచ్చినవాళ్ళకి చెప్పేవాణ్ణి. ముందుగా చందా కట్టి పుస్తకం కొన్నవాళ్ళ జాబితా మొదట్లోనే అచ్చువేసేవారు. మీవాడు కాస్త కలిగినవాడైతే అక్కడ తగలొచ్చు. కూలివాడైతే, వాడు ఎవరి భూమిలో దున్నాడో ఆ దొర కాగితాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. దొర కాగితాల్లో కౌలు పద్దులుంటాయి, పద్దుల్లో మీవాడు ఉంటాడు.

1899లో విక్టోరియా రాణి పేరిట ఒక మహా ప్రణాళిక పెట్టారు, ఇంగ్లండులో ప్రతి జిల్లాకీ ఊరూరి చరిత్ర రాయాలని. ఎర్ర అట్టల బరువు పుస్తకాలు. రెండు వందల పైచిలుకు సంపుటాలు వచ్చాయి, ఇంకా పూర్తికాలేదు. అంత నెమ్మదిగా చేసే పనంటే నాకు గౌరవం. తొలి సంపుటాలు దొరల గోలే గానీ, రెండో ప్రపంచ యుద్ధం తరవాత వచ్చినవి పొలాలు, మిల్లులు, బళ్ళు, చర్చికి వెళ్ళని మతస్థుల ప్రార్థన మందిరాలు అన్నీ పట్టించుకున్నాయి. ఊళ్ళో పేదలకి రొట్టెలు పంచడానికి ఎవరు ఎంత సొమ్ము ధర్మం రాసిపోయారో కూడా ఉంటుంది. ఆ ధర్మం పద్దు పుస్తకం ఎక్కడైనా మిగిలి ఉంటే రొట్టె పుచ్చుకున్నవాళ్ళ పేర్లు దొరుకుతాయి. గొప్పవాడి దానం వల్ల పేదవాడి ఉనికి తెలుస్తుంది.

కానీ నన్నడిగితే, ఇన్ని సంపుటాలూ ఒక ఎత్తు, రిచర్డ్ గఫ్ ఒక్కడూ ఒక ఎత్తు. ఈయన ష్రూస్‌బరీకి ఉత్తరాన మిడిల్ అనే పారిష్‌లో రైతు. 1635లో పుట్టాడు. అరవై దాటాక, 1700 నుంచి 1702 మధ్య, తన ఊరి కథ రాయడానికి కూర్చున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆలోచించి, చర్చిలో బల్లల పటం గీశాడు. ఏ బల్ల ఏ ఇంటిది అని. అప్పట్లో చర్చిలో ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ కూర్చోవడానికి లేదు, భూమిని బట్టి బల్ల. ముందు వరసల్లో మోతుబరులు, వెనక గుడిసెల వాళ్ళు. ఆ పటం చేతిలో పెట్టుకుని ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, అక్కడ కూర్చునే కుటుంబం పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పుకుంటూ వెళ్ళాడు.

ఏం విప్పాడండీ! ఇంట్లో నెమ్మది లేక బీరు దుకాణానికి అలవాటు పడి ఆస్తి పోగొట్టుకున్న మొగుడు, దొంగలు, హంతకులు, లండన్ పారిపోయినవాళ్ళు, పొలం తాకట్టు పెట్టి విడిపించుకోలేనివాళ్ళు. రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం వచ్చినప్పుడు మిడిల్, మార్టన్, న్యూటన్ అనే మూడు పల్లెల నుంచి ఇరవై మంది రాజు పక్షాన వెళ్తే పదముగ్గురు చచ్చారని లెక్క రాసిపెట్టాడు. అప్పుడాయన చిన్నపిల్లవాడు. చిన్నప్పుడు చూసింది, పెద్దలు చెప్పింది, కాగితాల్లో చదివింది, మూడూ కలిపి రాశాడు. మర్యాదకి దాచిపెట్టింది ఏమీ కనపడదు. మన కరణాల్లో ఒక్కడు ఇలా రాసి ఉంటే ఊరంతా కలిసి ఆయన ఇల్లు తగలబెట్టేవాళ్ళు.

ఆ రాతప్రతిలో కొంత 1834లో గాని అచ్చు కాలేదు. 1981లో డేవిడ్ హే అనే చరిత్రకారుడి పరిష్కరణలో పెంగ్విన్ వాళ్ళు మామూలు జనం కొనగలిగే ప్రతి వేశారు. దానికి ఏడేళ్ళ ముందే హే, గఫ్ చెప్పిన కథల్ని రిజిస్టర్లు, వీలునామాలతో సరిచూసి మిడిల్ మీద విడిగా ఒక పుస్తకం రాశాడు. మిడిల్ వైపు మూలాలున్నవాళ్ళు వస్తే నేను ముందు గఫ్‌ని చేతిలో పెట్టేవాణ్ణి. వాళ్ళలో కొందరి మొహాలు చూడాలి, తాత తాగుబోతని మూడు వందల ఏళ్ళ తరవాత తెలిసి సిగ్గుపడేవాళ్ళు! ఇప్పటి తెర మీద ఆ తాత ఏమిటి? ఒక గడి. పుట్టింది ఇంత, పోయింది ఇంత.

లెస్టర్ సంగతికొస్తే, అక్కడ డబ్ల్యు.జి. హాస్కిన్స్ గారుండేవారు. 1948లో లెస్టర్ కాలేజీలో ఇంగ్లీషు స్థానిక చరిత్రకంటూ ఒక విభాగమే పెట్టించిన మనిషి. 1957లో విగ్‌స్టన్ మాగ్నా అనే ఒక్క ఊరి మీద 'ది మిడ్‌లాండ్ పెజంట్' రాశాడు. ఒకే ఊరు, కొన్ని వందల ఏళ్ళు. ఊరివాళ్ళంతా కలిసి దున్నుకునే బారు పొలాలు 1760ల్లో కంచెలు పడి ముక్కలయ్యాక, చిన్న రైతు భూమి పోగొట్టుకుని మేజోళ్ళ మగ్గం ముందు ఎలా కూర్చోవలసి వచ్చిందో చెప్తాడు. మగ్గం కూడా తనది కాదు, దానికి వారం వారం అద్దె.

ఇది మా మనవరాలి మొగుడికి ఎందుకు కావాలంటే, వాళ్ళ ముత్తాత తాత పేరు పక్కన జనాభా లెక్కల్లో ఎఫ్.డబ్ల్యు.కె. అని మూడక్షరాలున్నాయి. "ఏదో బిరుదు అయి ఉంటుంది తాతయ్యా" అన్నాడు. బిరుదా నీ బొందా! మేజోళ్ళ మగ్గం పనివాడని దానర్థం. ఆ జిల్లాల్లో ఊళ్ళకి ఊళ్ళే అదే పని. హాస్కిన్స్ పుస్తకం తిరగేసి ఉంటే, ఆ కుటుంబం పల్లె వదిలి లెస్టర్ సందుల్లోకి ఎందుకు చేరిందో నన్నడిగే పని ఉండేది కాదు.

ఎందుకు కదిలారు అన్నదే అసలు ప్రశ్న. 1662 చట్టం ప్రకారం పేదవాడికి తిండి పెట్టే బాధ్యత వాడి సొంత పారిష్‌ది. పరాయి ఊళ్ళో కాలో చెయ్యో విరిగి పడితే బండెక్కించి సొంత ఊరికి తరిమేవారు. మరి సొంత ఊరు ఏది? ఇంకో ఊళ్ళో నిండా ఏడాది పాలేరుగా చేస్తే అదే సొంత ఊరవుతుంది. అందుకని గడుసు ఆసాములు యాభై ఒక్క వారాలకే పాలేరుని కుదుర్చుకునేవారు! నోట్లో నాలుక లేని పాలేరుని కూర్చోబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర చేశావు, ఎన్నాళ్ళు చేశావు అని విచారించిన వాంగ్మూలాలు ఉన్నాయి. ఇంగ్లండు పేదవాడి జీవితచరిత్ర అంటూ ఏదైనా ఉంటే ఇదే. స్థానిక చరిత్ర సంఘాలు ఓపిగ్గా వీటిని ఎత్తిరాసి చిన్న చిన్న పుస్తకాలుగా వేశాయి. యంత్రాల్లోకి ఎక్కినవి ఎక్కాయి, ఎక్కనివి ఇంకా బీరువాల్లో ఉన్నాయి.

ఇంకో తమాషా. ఎంత వెతికినా ముత్తాతకి చర్చిలో బాప్తిస్మం దొరకదు. "రికార్డు పోయింది" అని తేల్చేస్తారు. ఊరి చరిత్ర నాలుగు పుటలు చదివితే అక్కడ బాప్టిస్టుల ప్రార్థన మందిరం ఉండేదని తెలుస్తుంది. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు! పోయిన రికార్డు కాదది, అసలు లేని రికార్డు. అలాగే 1974లో జిల్లాల హద్దులు మార్చారు. బెర్క్‌షైర్‌లో ఉన్న ఆబింగ్‌డన్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోకి పోయింది, రట్లండ్ అనే చిన్న జిల్లా మాయమై మళ్ళీ 1997లో గాని బయటపడలేదు. పాత పుస్తకం లేకుండా ఇప్పటి పటం పట్టుకుని వెతికేవాడు ఆబింగ్‌డన్ పాత కాగితాల్ని తప్పు జిల్లా ఆఫీసులో అడుగుతూ కూర్చుంటాడు.

ఇరవయ్యో శతాబ్దంలోకి వస్తే మరీ అన్యాయం. 1921 లెక్కలు 2022లో తెరిచారు. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో బుగ్గి అయిపోయాయి. 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే ఎత్తలేదు. 1951వి 2052లో గాని తెరవరు, అప్పటికి నేను ఎలాగూ ఉండను. యుద్ధం మొదలవగానే 1939 సెప్టెంబరులో రాసిన రిజిస్టరు ఒక్కటే మధ్యలో దిక్కు. ఈ ఖాళీని పూడ్చేవి పల్లె చర్చిలో వెనక బల్ల మీద పెట్టి, పక్కన డబ్బా ఉంచి అమ్మే చిన్న చిన్న పుస్తకాలే. రిటైరైన పంతులమ్మో పాదిరో రాసి ఉంటారు. యుద్ధ స్మారకం మీద చెక్కిన పేర్లు ఎవరివి, కమ్మరి కొట్టు ఎప్పుడు మూతపడింది, బడి దినచర్య పుస్తకంలో పిల్లలు ఏ కోతల రోజుల్లో బడి ఎగ్గొట్టారు, అన్నీ అందులో ఉంటాయి. జార్జ్ ఇవార్ట్ ఎవాన్స్ అనే ఆయన సఫక్‌లో బ్లాక్సాల్ అనే పల్లెలో ముసలివాళ్ళ పక్కన కూర్చుని, గడ్డి కోసిన కాలం గురించి అడిగి 1956లో పుస్తకమే వేశాడు. ఇప్పుడు ముసలివాళ్ళ పక్కన ఎవరు కూర్చుంటున్నారు గనక!

మన వైపు తగిలే ముడి కూడా ఒకటుంది. బందరులో 1611లోనే ఇంగ్లీషు కంపెనీ కొట్టు పెట్టింది కదా, అక్కడో వాల్తేరులోనో పోయిన తమ తాత సమాధి కోసం ఇంగ్లండు మనుషులు నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు, తెలుగువాణ్ణి కాబట్టి నాకన్నీ తెలుసునని. మద్రాసు ప్రెసిడెన్సీలో యూరపు వాళ్ళ సమాధి శాసనాలు జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో పుస్తకంగా వేశాడు, తెలుగు జిల్లాలవి కూడా అందులోనే ఉన్నాయి. గార్డన్ మెకంజీ 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ పక్కన పెట్టుకుంటే ఆ ఇంగ్లీషు దొర ఏ కచేరీలో ఏం వెలగబెట్టాడో ఊహించుకోవచ్చు. మద్రాసు చర్చిల బాప్తిస్మం, పెళ్ళి, ఖననం పద్దుల నకళ్ళు 1698 నుంచి లండన్లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ మాన్యువల్‌ని మనవాళ్ళెవరైనా చదివారా అంటే, మన సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మంచిది.

మా రోజుల్లో అంతా బాగుందని నేననను. చలికాలంలో రికార్డు ఆఫీసుల్లో వేళ్ళు కొంకర్లు పోయేవి, పెన్ను తేవద్దు పెన్సిలే అనేవాళ్ళు, దూరం వాడికి రైలు ఖర్చు తడిసి మోపెడు. ఇప్పుడు ఆ ఎర్ర అట్టల జిల్లా చరిత్రల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. హేస్టెడ్ కూడా ఉన్నాడు. ఒళ్ళు మండేది అందుకే. రైలెక్కక్కర్లేదు, పెన్సిలు చెక్కక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు, అయినా తెరవరు. పేరు కొట్టగానే తమవాడి పేరు వెలగని పుస్తకం వాళ్ళ దృష్టిలో పుస్తకమే కాదు. తమవాడి పేరు లేకపోయినా తమవాడి బతుకంతా అందులో ఉండొచ్చని చెప్తే వినేదెవరు? మా లైబ్రరీ గది ఎత్తేసి కంప్యూటర్లు పెట్టారు. పల్లెల పుస్తకాలన్నీ వెనక గోదాములో ఉన్నాయట, కావాలంటే ముందుగా చీటీ రాసి పంపాలట. చీటీ ఎవరూ రాయరు, కాబట్టి ఎవరికీ అక్కర్లేదని రేపు వాటిని పారేస్తారు.

కుర్రాడి చేత ఆ చీటీ నేనే రాయించాను. వాళ్ళ పల్లె మీద పంతులమ్మగారు రాసిన పుస్తకం వచ్చింది. అందులో వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు నాలుగిళ్ళు, నాలుగిళ్ళలోనూ పెద్దకొడుకు పేరు విలియమే. తెర మీద వృక్షంలో ఉన్నవాడు రెండో ఇంటి విలియం. వీడి మగ్గం విలియం మూడో ఇంటివాడు, చర్చి వెనక సందులో ఉండేవాడు. అంటే ఆ పైన రాజుగారి దాకా ఎక్కిన మెట్లన్నీ పరాయివాళ్ళవే. రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మూడో రోజు ఆ సందు ఇంకా ఉందా తాతయ్యా అని అడిగాడు. ఉంది, వెళ్ళి చూసుకో అన్నాను. పుస్తకంలో ఆ పుటలు ఫోటోకాపీ తీయించిన డబ్బు మాత్రం ఇంకా నాకు ఇవ్వలేదు.